మీటర్ బాగుందంటుంది, సెల్ఫ్ లేవదు: కారు బ్యాటరీ సంగతి తేల్చుకోవడం ఎలా?

తాళం తిప్పితే సెల్ఫ్ లేవదు. టకటకటకమని చప్పుడు, అంతే. హెడ్‌లైట్లు వేస్తే వెలుగుతాయి, హారన్ కొడితే మోగుతుంది. "లైట్లు వెలుగుతున్నాయి కదా, బ్యాటరీకేం కాలేదు, సెల్ఫ్ మోటారే పోయుంటుంది" అని పక్కనున్నవారెవరో తేల్చేస్తారు. ఇంకొకరు మల్టీమీటర్ తెచ్చి పెడతారు. 12.5 వోల్టులు. ఇక బ్యాటరీ మీద అనుమానమే ఉండదు. చివరికి చూస్తే చాలాసార్లు తప్పు ఆ బ్యాటరీదే.

రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చే తిప్పలివి. బ్యాటరీలో చార్జి ఉందా అన్నది ఒక ప్రశ్న. ఉన్న చార్జిని సెల్ఫ్ అడిగినంత జోరుగా బయటికి ఇవ్వగలదా అన్నది మరో ప్రశ్న. మామూలు మల్టీమీటర్ మొదటిదానికే జవాబు చెబుతుంది. మిద్దె మీద ట్యాంకు నిండా నీళ్ళున్నా, కిందికి దిగే పైపు పూడుకుపోతే కుళాయి సన్నగా కారుతుంది. ట్యాంకులో నీటిమట్టం ఎన్నిసార్లు కొలిచినా పైపు సంగతి తెలియదు.

లెక్క వేసి చూస్తే

మామూలు హాలోజెన్ హెడ్‌లైట్ బల్బు 55 వాట్లది. రెండూ కలిపి 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. ఇంజిన్‌ను తిప్పాల్సిన సెల్ఫ్ మోటారుకు చిన్న పెట్రోలు కారులోనే 100 నుంచి 200 ఆంపియర్ల దాకా కావాలి. డీజిల్ ఇంజిన్ అయితే ఇంకా ఎక్కువ. మోటారు కదలడం మొదలుపెట్టే తొలి క్షణంలో అయితే చెప్పనక్కర్లేదు.

ప్రతి బ్యాటరీకీ లోపల కొంత నిరోధం ఉంటుంది. బాగున్న బ్యాటరీలో అది 5 మిల్లీఓములు అనుకుందాం. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగితే లోపలే 1 వోల్టు ఖర్చైపోతుంది. 12.6లో 11.6 బయటికొస్తుంది, ఇంజిన్ ఠకీమని తిరుగుతుంది. అదే బ్యాటరీ పాతబడి నిరోధం 20 మిల్లీఓములకు చేరిందనుకోండి. అదే 200 ఆంపియర్లకు లోపల 4 వోల్టులు పోతాయి. మిగిలేది 8.6. సెల్ఫ్ మూలుగుతుంది, లేదా అసలు తిరగదు. ఇప్పుడు ఆ చెడిపోయిన బ్యాటరీ మీదే హెడ్‌లైట్లు వేయండి. 9 ఆంపియర్లకు లోపల పోయేది 0.18 వోల్టులు. కంటికి తేడా తెలియదు. హారన్ కూడా లైట్ల లాంటి చిన్న గిరాకీయే, అదీ మోగుతుంది. ఇక మల్టీమీటర్ బ్యాటరీ నుంచి లాగేది లేనట్టే లెక్క. కరెంటు పారకపోతే నిరోధం ఎంత పెరిగినా వోల్టేజీ తగ్గదు. అందుకే అది నిక్షేపంలా 12.5 చూపిస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి ఇక్కడ గుండ్రని అంకెలు తీసుకున్నాను గానీ, జరిగే తంతు ఇదే.

ఆ టకటక శబ్దం వెనక ఉన్నదీ ఇదే. తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు, అంటే సోలినాయిడ్, లాక్కుంటుంది. సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేసరికి వోల్టేజీ కుప్పకూలుతుంది. సోలినాయిడ్‌ను పట్టి ఉంచే బలం పోయి అది వదిలేస్తుంది. లోడ్ పోయింది కాబట్టి వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, సోలినాయిడ్ మళ్ళీ లాక్కుంటుంది. సెకనులో ఇలా చాలాసార్లు. ఇలా టకటకలాడితే ముందుగా బ్యాటరీనీ టెర్మినల్స్‌నీ అనుమానించండి. ఒక్కసారే గట్టిగా టక్‌మని ఆగిపోయి, ఆ క్షణంలో డాష్‌బోర్డు లైట్లు కూడా మసకబారకపోతే సెల్ఫ్ మోటారునో దాని వైరింగునో అనుమానించడానికి కారణం ఉంటుంది.

లోపల ఏం పాడవుతుంది

కారు బ్యాటరీ పేరుకు ఒకటే అయినా లోపల ఆరు సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు, ఆరూ కలిస్తే 12.6. పాజిటివ్ పలకల మీద లెడ్ డయాక్సైడ్, నెగటివ్ పలకల మీద గుల్లగా ఉండే సీసం, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఫ్రాన్స్ శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో మొదటి లెడ్ యాసిడ్ బ్యాటరీ చేశాడు. అప్పటి మూలసూత్రమే ఇప్పటికీ నడుస్తోంది.

కరెంటు వాడుకుంటున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది. చార్జి ఎక్కిస్తే ఆ సల్ఫేట్ తిరిగి కరిగిపోతుంది. వెంటనే ఎక్కిస్తేనే. బ్యాటరీని సగం చార్జితో వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి, ఎంత చార్జి చేసినా కరగకుండా పలకలకు అంటుకుపోతుంది. అంత మేర పలక పనికిరానిదే. ఇది కాక, పాజిటివ్ పలకల్లో కరెంటును మోసే సీసపు జాలీ ఏళ్ళు గడిచేకొద్దీ తుప్పు పట్టి సన్నబడుతుంది. పలకల మీది పదార్థం కొద్దికొద్దిగా రాలి అడుక్కు చేరుతుంది. ఆ రాలిన మడ్డి పలకల అడుగును తాకినా, పలకల మధ్య ఉండే అడ్డుతెర చిరిగినా ఆ సెల్ షార్ట్ అయిపోతుంది.

చలికాలంలో బ్యాటరీలు పోతాయని చాలామంది అంటారు. చలిలో రసాయన చర్య మందగించి బలం తగ్గడం నిజమే, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడమూ కష్టమవుతుంది. కానీ బ్యాటరీ ఆయుష్షును తినేసేది ఎండ. వేడి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే లోపలి తుప్పు లాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. ఎండాకాలం జరిగిన నష్టం చలికాలం పొద్దున బయటపడుతుంది. మూడేళ్ళు దాటిన బ్యాటరీని ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి పరీక్షించుకోవడం మంచిదని నేననేది అందుకే.

ముందు కళ్ళతో, తర్వాత మీటర్‌తో

బానెట్ ఎత్తగానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పెట్టె పక్కలు ఉబ్బి ఉంటే ఆ బ్యాటరీకి పరీక్షలు అనవసరం, మార్చేయడమే. కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంటే అది ఓవర్‌చార్జి అవుతోందని గానీ లోపల షార్ట్ ఉందని గానీ అర్థం. అలాంటిదాన్ని చార్జింగ్‌లో పెట్టకండి, జంప్ స్టార్ట్ కూడా చేయకండి. టెర్మినల్స్ మీద తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకుంటే మాత్రం బ్యాటరీని అప్పుడే తప్పు పట్టొద్దు. ఆ పొరే కరెంటును అడ్డుకుంటూ ఉండవచ్చు. బ్యాటరీ బానే ఉన్నా లక్షణాలన్నీ చచ్చిన బ్యాటరీవే కనిపిస్తాయి. క్లాంపు విప్పి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక బ్రష్‌తో రుద్ది, మళ్ళీ బిగించి చూడండి. చేత్తో తిప్పితే క్లాంపు కదిలిందంటే అదీ లోపమే. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. వేళ్ళకు ఉంగరాలుంటే తీసేయండి. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పు, నిప్పురవ్వ రెండూ ఉండకూడదు.

ఇక మీటర్. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ఎర్ర వైరు పాజిటివ్‌కు, నల్ల వైరు నెగటివ్‌కు. ఎప్పుడు కొలిచారన్నది ఇక్కడ అసలు కీలకం. ఇంజిన్ ఆపిన వెంటనే కొలిస్తే 12.9, 13 అంటూ గొప్పగా కనిపిస్తుంది. అది పలకల పైపైన నిలిచిన చార్జి, కాసేపట్లో దిగిపోతుంది. రాత్రంతా ఆగి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు, వీలైతే తలుపులు తెరవకముందు కొలిచిన అంకెనే నమ్మాలి. అంత ఆగే తీరిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వేసి, ఆపి, కాసేపాగి కొలవండి.

అలా కొలిచినప్పుడు 12.6 లేదా ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 దగ్గర ఉంటే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. 11.9 కంటే కింద ఉంటే ఖాళీ అయినట్టే. యాసిడ్‌ను గాజునార పొరల్లో పీల్చి ఉంచే ఏజీఎం రకం బ్యాటరీలు నిండుగా ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువ, 12.8 దాకా చూపిస్తాయి. ముప్పాతిక నుంచి పావు దాకా దిగడానికి మధ్య తేడా 0.4 వోల్టులే అని గమనించారా? చవక మీటర్‌లో దశాంశం కొంచెం అటూఇటూ అయినా మన అంచనా తలకిందులవుతుంది.

ఒక అంకెకు మాత్రం ప్రత్యేకమైన అర్థం ఉంది. ఎంతసేపు చార్జి చేసినా బ్యాటరీ 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఆరింటిలో ఒక సెల్ షార్ట్ అయినట్టు. 12.6లోంచి 2.1 తీసేస్తే మిగిలేది అంతే కదా. దానికి వైద్యం లేదు.

అంకె తక్కువగా ఉంటే "బ్యాటరీ పోయింది" అని తీర్మానించే ముందు చార్జర్‌తో పూర్తిగా చార్జి చేసి, ఒక రాత్రి పక్కన పెట్టి, మళ్ళీ కొలవాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల ఎన్ని మంచి బ్యాటరీలు తుక్కులోకి పోతుంటాయో. డోరు సరిగ్గా పడక లోపలి లైటు రాత్రంతా వెలిగితే దిగిపోయేది చార్జే, బ్యాటరీ ఆరోగ్యం అంత తేలిగ్గా పోదు. నిండా చార్జి చేశాక రాత్రికి రాత్రే ఏ లోడూ లేకుండా 12.4 కిందికి జారిపోతే మాత్రం దాని రోజులు దగ్గర పడ్డట్టే.

అసలు పరీక్ష: సెల్ఫ్ కొడుతున్నప్పుడు

ఇంట్లో ఉన్న మల్టీమీటర్‌తోనే బ్యాటరీ బలం తెలుసుకునే మార్గం ఉంది. మీటర్‌ను టెర్మినల్స్‌కు పట్టుకుని ఉండి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మీటర్‌లో కనిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉంటే వాడండి, లేకపోతే కన్ను తిప్పకుండా చూడాలి. బాగున్న బ్యాటరీ అయితే 12.6 నుంచి అంకె గభాలున 10.5 ప్రాంతానికి దిగి, అక్కడే నిలబడి, ఇంజిన్ అందుకోగానే 14 ప్రాంతానికి చేరుతుంది. బలహీనపడ్డది 12.5 నుంచి 9 కిందికి జారి, సెల్ఫ్ తిరిగేకొద్దీ ఇంకా ఇంకా దిగుతూ పోతుంది. నిలబడటం, జారిపోవడం, ఈ తేడాను ఒక్కసారి కళ్ళారా చూస్తే మళ్ళీ మర్చిపోరు.

గ్యారేజీలో లోడ్ టెస్టర్‌తో చేసేది ఇదే పని, కాస్త పద్ధతిగా. చార్జి ముప్పాతికకు పైగా ఉన్న బ్యాటరీ మీద, దాని లేబుల్ మీద ఉండే సీసీఏ అంకెలో (అదేమిటో కింద చెబుతాను) సగం కరెంటును 15 సెకన్లు లాగుతారు. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర వోల్టేజీ 9.6 కంటే కిందికి పోకూడదు. చలిలో ఈ గీత కొంచెం కిందికి దిగుతుంది, సున్నా డిగ్రీల దగ్గర 9.1 ఉన్నా సరిపోతుంది.

సీసీఏ అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, 7.2 వోల్టులకు తగ్గకుండా ఇవ్వగల కరెంటు అని అమెరికా ఎస్ఏఈ ప్రమాణం చెబుతుంది. యూరప్ ఈఎన్ ప్రమాణానికి నియమాలు వేరు, కాబట్టి రెండింటి అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అంత చలి ఎప్పుడూ ఉండని చోట ఈ అంకెతో మనకేం పని అనిపించవచ్చు. పని ఉంది. పలకలు దెబ్బతినేకొద్దీ పడిపోయేది ఇదే.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే అరచేతిలో పట్టే డిజిటల్ టెస్టర్ పెద్ద లోడ్ ఏమీ వేయదు. చిన్న సంకేతం పంపి, బ్యాటరీ లోపలి నిరోధాన్ని కొలిచి, దాన్నుంచి సీసీఏ అంచనా వేస్తుంది. వేడి లేదు, నిప్పురవ్వల భయం లేదు, నిమిషంలో ఫలితం. అయితే అది అంచనా మాత్రమేనని గుర్తుంచుకోవాలి. ముందుగా బ్యాటరీ రకం, లేబుల్ మీద ఉన్న ప్రమాణం, అంకె సరిగ్గా ఎంచుకోవాలి. ఏజీఎంను మామూలు బ్యాటరీగా ఎంచుకుంటే ఫలితం తప్పుతుంది. చార్జి తక్కువున్న బ్యాటరీ కూడా తక్కువ సీసీఏ చూపిస్తుంది. తెర మీద "చార్జి చేసి మళ్ళీ పరీక్షించండి" అని వస్తే అది మార్చమని చెప్పడం కాదు. ఎవరైనా ఆ ఫలితం చూపించే కొత్తది అంటగట్టబోతే, చార్జి చేసి మళ్ళీ చూడమని అడగడానికి మొహమాట పడొద్దు.

మూతలు తీయగలిగే పాత రకం బ్యాటరీ అయితే వీటన్నిటికంటే నాకు నమ్మకం యాసిడ్ చిక్కదనాన్ని కొలిచే హైడ్రోమీటర్ మీదే. గ్రావిటీ చూడటం అంటారే, అదే. నిండు చార్జిలో ఒక్కో సెల్ 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి. అంకె ఎంత ఉందన్నదాని కంటే ఆరు సెల్స్ మధ్య తేడా ముఖ్యం. ఐదు సెల్స్ 1.260 చూపిస్తుంటే ఆరోది 1.200 దగ్గర ఉందనుకోండి, ఆ ఆరోదే మిగతావాటిని ముంచుతుంది. తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు. మీటర్ ఆరింటి మొత్తాన్నే చూపిస్తుంది, ఎవరు కుంటుతున్నారో చెప్పేది ఇదొక్కటే. యాసిడ్‌తో పని కాబట్టి కళ్ళద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి. సీల్డ్ బ్యాటరీల మీద కనిపించే ఆకుపచ్చ కన్ను కూడా లోపల ఉన్న చిన్న హైడ్రోమీటరే, కానీ అది ఒకే ఒక్క సెల్‌లో ఉంటుంది. మిగతా ఐదింటి గురించి దానికి ఏమీ తెలియదు. పచ్చగా ఉంది కదా అని ధీమాగా ఉండలేం.

తప్పు వేరే చోట ఉంటే

బ్యాటరీ పరీక్షలో పాసైనా సెల్ఫ్ నీరసంగానే తిరుగుతోందంటే దారిలో ఎక్కడో కరెంటు పోతోందన్నమాట. మీటర్ ఒక వైరును బ్యాటరీ సీసపు గుబ్బ మీద, రెండోదాన్ని దాని మీది క్లాంపుకు పెట్టి సెల్ఫ్ కొట్టండి. అక్కడ 0.2 వోల్టులు దాటి కనిపిస్తే ఆ జాయింటే దోషి. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ కేబుల్‌ను కూడా ఇలాగే చూడాలి. చాలామంది మర్చిపోయేది దీన్నే.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.7 దాకా ఉండాలి. లైట్లు, ఏసీ వేసినప్పుడు 13.5 కిందికి పడిపోతూ ఉంటే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో చూడాలి. 15 దాటుతుంటే ఆ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడికిస్తున్నట్టు. కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్ వోల్టేజీని అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్క క్షణం 12.8 కనిపించగానే టెన్షన్ పడాల్సిన పని లేదు, కొన్ని నిమిషాలు గమనించాలి. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకేసి "ఆగలేదు, ఆల్టర్నేటర్ బాగుంది" అనే పాత చిట్కా ఒకటుంది. దయచేసి ఎవర్నీ ఆ పని చేయనివ్వకండి. బ్యాటరీ తప్పుకోగానే వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగిసి కారులోని ఎలక్ట్రానిక్స్‌ను కాల్చేయగలదు.

దగ్గర దగ్గర తిరుగుళ్ళ వల్ల బ్యాటరీ పోతుందనే మాటలో నిజముంది, సెల్ఫ్ కొట్టడానికే చార్జి అంతా అయిపోతుందని చెప్పే కారణమే కొంచెం తేడా. సెల్ఫ్ 200 ఆంపియర్లు రెండు సెకన్లు లాగితే ఖర్చయ్యేది 0.11 ఆంపియర్ అవర్లు మాత్రమే (ఒక ఆంపియర్ గంట పాటు పారితే ఒక ఆంపియర్ అవర్). ఆల్టర్నేటర్ దాన్ని నిమిషాల్లో పూడుస్తుంది. కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడు గడియారం, అలారం, రిమోట్ రిసీవర్ లాంటివి లాగే 30 మిల్లీఆంపియర్లు రోజంతా కలిస్తే 0.72 అవుతుంది. సెల్ఫ్ ఆరేడుసార్లు కొట్టిన దానికి సమానం. పైగా బ్యాటరీ 80 శాతం దాటాక చార్జి చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, చివరి భాగం నిండటానికి గంటలు కావాలి. పది నిమిషాల ప్రయాణాలతో ఆ చివరి భాగం ఎన్నటికీ నిండదు, సల్ఫేట్ అక్కడే గట్టిపడుతుంది. నెలకోసారి చార్జర్‌తో పూర్తిగా నింపితే ఇలాంటి కారు బ్యాటరీ మరికొంత కాలం నిలుస్తుంది.

కొత్త బ్యాటరీ వేసినా వారం తిరక్కుండా దిగిపోతుంటే కారులో ఏదో నిద్రపోవడం లేదు. తాళం తీసేసి, తలుపులన్నీ మూసి, అరగంట పైన ఆగాక బ్యాటరీ నుంచి వెళ్ళే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. మీటర్‌ను ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, నెగటివ్ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య వరసలో కలిపి కొలుస్తారు. అలా కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్ కాలిపోతుంది. డిక్కీలోని 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతున్నా చాలు, రోజుకు 10 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఐదో రోజుకల్లా ఖాళీ. కొలిచిన అంకె ఎక్కువగా ఉంటే ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ మీటర్ చూడండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోయిందో ఆ సర్క్యూట్ మీద ఉన్నవాటిని వెతకాలి. తర్వాత బిగించుకున్న మ్యూజిక్ సిస్టమ్, డాష్‌క్యామ్, అలారం లాంటివాటితో మొదలుపెడితే ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.